నేల చీలిన శుక్రవారం

సెమెరా
అక్టోబరు 11, శనివారం

గౌరవనీయులైన మేనమామ కడాఫో గారికి, మీ చెల్లెలు మోమిన కూతురు హస్నా సలాములు.

మీరు కులాసాగా ఉన్నారా? కంటి కట్లు విప్పారా? జిబూతి గాలి, నీళ్లు పడుతున్నాయా? అడగవలసినవన్నీ అడగవలసిన వరుసలోనే అడిగాననుకోండి. ఇక్కడ అమ్మ క్షేమం. మీ మనవరాలు సాలిహా క్షేమం. నేనూ క్షేమమే. హుమెద్ సంగతి కింద రాస్తాను. ఈ ఉత్తరం మీకు చదివి వినిపించేది మీ అమ్మాయి మదీనా వదినే కాబట్టి ఆవిడకి కూడా నా సలాములు.

మీ అబ్బాయి హుమెద్‌ని చేసుకోనని చెప్పి చదువుకి వెళ్లిపోయిన రోజు నుంచి పదేళ్లుగా మీరు నా పేరు ఎత్తలేదు. నేను మీ గుడిసె నీడకి రాలేదు. మేనరికం కాదన్న పిల్లకి మీకు ఉత్తరం రాసే హక్కు ఉందో లేదో నాకు తెలియదు. కానీ మనవాళ్లలో ఇద్దరు దారిలో ఎదురుపడితే, ఎంత పగ ఉన్నా, ముందు కూర్చుని చూసిందీ విన్నదీ చెప్పుకోవాలి. ఆ మర్యాదతోనే మొదలుపెడుతున్నాను. మధ్యలో చదవడం ఆపించకండి.

హుమెద్ మొండితనం వల్ల మంది మొత్తం చచ్చేదని, వాడికి పెద్దరికం పనికిరాదని, మీరు రాగానే దాన్ని మీ తమ్ముడి కొడుకు అలీసెకి అప్పగిస్తానని అన్నారట. మదీనా వదిన మొన్న ఫోనులో చెప్పింది. హుమెద్ తానే మీకు కబురు పంపాడనీ, జరిగింది అతని నోటితోనే విన్నారనీ తెలుసు. అయినా నేను చూసింది కూడా వినండి.

సెప్టెంబరు 21, ఆదివారం పొద్దున మా కాలేజీ గోడ మీది యంత్రం గీతలు గీయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి నలభై అదురులు. అన్నీ ఒకే దిక్కు నుంచి, మన అలూలి కొండ కింద నుంచి. మనవాళ్లు ఆ నెలలో ఎక్కడ దిగి ఉంటారో నాకు తెలుసు. అదురులు కొలిచే పెట్టెలు మూడు లారీలో వేసుకుని సోమవారం తెల్లవారగానే బయల్దేరాను. మా పెద్దాయన, ఇంకో నలుగురిని పంపిస్తాను, వారం ఆగు అన్నారు. ఆగలేదు.

మన మంది అలూలికి దక్షిణాన, ఎప్పుడూ దిగేచోటే దిగి ఉంది. పడమట నల్లరాతి గట్టు, దాని మీద తెల్ల దిబ్బ. తూర్పున గుల్లల మైదానం. మధ్యలో ఇరవై మూడు గుడిసెలు. లారీ దిగేసరికి అమ్మ మేక పాలు పితుకుతోంది. తల ఎత్తి చూసి, మళ్లీ దించుకుని, చిక్కిపోయావు అంది. పదేళ్ల తర్వాత మొదటి మాట అదే. ఆ మాట అంటుంటేనే కింద నేల ఒకసారి ఊగి, పాలగిన్నె ఒరిగిపోయింది. అమ్మ గిన్నె నిలబెట్టి మళ్లీ పితకడం మొదలుపెట్టింది.

హుమెద్ ఎదురొచ్చాడు. బావ అనడానికి నోరు రాక, హుమెద్, నీతో మాట్లాడాలి అన్నాను. బావా అని పిలవడం కూడా చదువులో మర్చిపోయావా అని నవ్వాడు. నవ్వుతూనే నా పెట్టెలు భుజానికెత్తుకున్నాడు. మూడింటినీ మూడుచోట్ల పాతడానికి నాతోపాటే తిరిగాడు. ఒకటి గుడిసెల దగ్గర, ఒకటి గట్టు కింద, ఒకటి మైదానం అంచున. ఒక అదురు ఏ పెట్టెని ఎన్ని సెకన్లకి చేరిందో పోల్చి చూస్తే అది ఎక్కడ పుట్టిందో తెలుస్తుందని చెబితే, తప్పిపోయిన ఒంటె గంట చప్పుడు ముగ్గురం మూడువైపుల నుంచి విని వెతికినట్టన్నమాట అన్నాడు. నా విద్యార్థులకి ఇది అర్థం చేయించడానికి నాకు రెండు తరగతులు పడుతుంది.

మంగళవారం పొద్దున తుమ్మచెట్టు కింద అందరూ కూర్చున్నారు. ఈ నేల కింద ఏం జరుగుతోందో చెప్పమన్నారు. నేను నోరు తెరిచేలోగానే ముసలి ఇద్రిస్, ఈ పిల్ల అప్పుడు పెళ్లి నుంచి పారిపోయింది, ఇప్పుడు మనందర్నీ పారిపొమ్మంటోంది, దీనికి వచ్చిన విద్య ఇదొక్కటే అన్నాడు. ఆడవాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, ఏడవడం కంటే మేలని.

తర్వాత చెప్పాను. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తెల్ల దిబ్బ మీద పగడాలు చూపించింది మీరే కదా మామా. సముద్రం ఇక్కడిదాకా వచ్చి వెళ్లిపోయిందమ్మా, ఎందుకో అడిగేవాళ్లు లేరు అన్నారు. అడగడానికే వెళ్లాను. ఆ జవాబే వాళ్లకి చెప్పాను.

మూడు కోట్ల ఏళ్ల కింద అరేబియా, మనం ఒకే నేల. కింది నుంచి వేడి ఎగదన్ని నేల పొంగింది, పొంగి పొంగి చిట్లింది. అరేబియా ఒక ముక్కగా అటు జరిగిపోయింది, ఆ సందులోకి సముద్రం వచ్చింది. తూర్పున ఇంకో ముక్క ఇప్పటికీ ఏడాదికి ఒక వేలి మందం చొప్పున విడిపోతూనే ఉంది. మూడు ముక్కలూ కలిసే మూలలో మన మేకలు మేస్తున్నాయి. ఇక్కడ నేల సాగి, పలచబడి, సముద్రం కన్నా కిందికి దిగిపోయింది. ఒకప్పుడు ఆ సముద్రం ఇక్కడికీ వచ్చి పగడాలు పెంచింది. తర్వాత దాని దారి మూసుకుపోయింది, నీళ్లు ఎండాయి, ఉప్పు మిగిలింది. ఆ తర్వాత చాలా కాలానికి వానలు దండిగా పడే రోజులొచ్చాయి. ఇప్పటి మైదానం అప్పుడు మంచినీళ్ల సరస్సు. నీటిగుర్రాలు ఈదేవి. ఐదారు వేల ఏళ్ల కింద వానలు దక్షిణానికి వెనుదిరిగాయి, సరస్సు కుంచించుకుపోయింది, గుల్లలూ మనమూ మిగిలాం. ఇదంతా అయిపోయిన కథ కాదు, ఇప్పుడు మళ్లీ కదిలింది, కొండ కింద కరిగిన రాయి చీలిక వెంట దక్షిణానికి, మన వైపుకే తోసుకొస్తోంది అన్నాను.

ఇద్రిస్ గడ్డం గోక్కుంటూ, అయితే సముద్రం మళ్లీ వస్తుందంటావా అన్నాడు. వస్తుంది తాతా అన్నాను. ఎప్పటికి? కొన్ని లక్షల ఏళ్లకి. పర్లేదు, ఈలోగా మా ఆవిడ ఒంటె మీద సామాను ఎక్కించడం అయిపోతుందిలే అన్నాడు. ఈసారి నవ్వు అంతగా రాలేదు. అతను ఆ మాట అంటుండగానే గట్టు మీద నుంచి ఒక బండ, ఒంటె అంత బండ, దొర్లుకుంటూ వచ్చి గుడిసెలకి నూరు అడుగుల దూరంలో ఆగింది. పిల్లలు దాని దగ్గరికి పరుగెత్తారు, తల్లులు పిల్లల వెనక పరుగెత్తారు.

బుధవారం అదురులు లెక్కపెట్టడం మానేశాను. అన్నం గిన్నె నేల మీద పెట్టనిచ్చేవి కావు. ఒంటెలు పడుకోవడం మానేశాయి, నిలబడే కునికిపాట్లు పడుతున్నాయి. మధ్యాహ్నం మైదానం అంచున ఉన్న పెట్టె బ్యాటరీ అయిపోతే వెళ్లి మార్చి వచ్చాను. ఉన్నచోట ఉండకూడదన్నది అందరికీ తెలిసిపోయింది. ఎటు వెళ్లాలన్నదే మిగిలింది. పడమటికైతే గట్టెక్కి తెల్ల దిబ్బ మీదికి. తూర్పుకైతే మైదానంలోకి, బావి దగ్గరికి. ఎటైనా మనుషులు, మందలు, సామాను అంతా ఒకేసారి పోవాలి. రెండుసార్లు కట్టి విప్పే వ్యవధి లేదు.

గురువారం మధ్యాహ్నం దాని మీదే మాట. నేను తెల్ల దిబ్బ అన్నాను. హుమెద్ మైదానం అన్నాడు. గట్టు మీంచి బండలు పడుతున్నాయి, పిల్లల్ని దాని కిందికి ఎలా తోలుకెళ్తాం అన్నాడు. కరిగిన రాయి మైదానం కిందికే వస్తోందని నా పెట్టెలు చెబుతున్నాయి, అటు వద్దు అన్నాను. చాలాసేపు పట్టుబట్టాడు. చివరికి మంది నా మాట విన్నారు. దీని గురించి ఇంతకంటే రాయడానికి లేదు.

శుక్రవారం తెల్లవారుతూనే గుడిసెలు విప్పేశారు. ఎండ పడేసరికి ఒంటెలన్నీ దిబ్బ దారి పట్టాయి. పిల్లల్ని మధ్యలో పెట్టి, బండలు పడే మలుపు దగ్గర హుమెద్, ఇంకో ఇద్దరు పైకి చూస్తూ నిలబడి, ఇప్పుడు, ఇప్పుడు అని కేకేస్తుంటే, ఒక్కొక్క కుటుంబాన్ని పరిగెత్తించి దాటించాం. పైకి చేరాక అతను తలలు లెక్కపెట్టాడు. నూట ముప్పై ఒకటి ఉండాలి. నూట ఇరవై తొమ్మిది ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాడు. అమ్మ లేదు. సాలిహా లేదు. అమ్మ తెల్లవారకముందే తన మేకల్ని తోలుకుని, తోడుకి సాలిహాని తీసుకుని మైదానంలోకి వెళ్లిందట. దిబ్బ మీంచి చూస్తే దూరంగా బావి దగ్గర మేకల దుమ్ము కనిపించింది.

హుమెద్ నడుముకున్న కత్తి విప్పి భార్య చేతిలో పెట్టి, బరువు తగ్గించుకుని దిగాడు. నేను వెనకాలే దిగాను. మైదానంలో అడుగుపెట్టేసరికి అదురులు విడివిడిగా రావడం మానేశాయి. కదిలే లారీ తొట్టిలో నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది, ఆగకుండా. గుల్లలన్నీ ఎగిరెగిరి పడుతున్నాయి. పరిగెత్తుతున్నామా, నేలే మమ్మల్ని విసురుతోందా తెలియలేదు.

అమ్మ మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. సాలిహా చంకలో ఒక మేకపిల్ల. ఇంకో రెండు వందల అడుగులు ఉందనగా చప్పుడు వచ్చింది. ఉరుము కాదు. తడి తోలు రెండు చేతుల్తో పట్టుకుని చించితే వచ్చే చప్పుడు, కాకపోతే ఉత్తరం నుంచి దక్షిణం దాకా. మాకూ వాళ్లకీ మధ్య నేల ఒక గీతలా కుంగి, విడిపోయింది. మేకలు సగం అందులోకి జారిపోయాయి. అరవను కూడా అరవలేదు. దానిలోంచి ఆవిరి, కుళ్లిన గుడ్ల వాసన లేచాయి. చీలిక అప్పటికి మూడు మూరల వెడల్పు ఉంటుంది. హుమెద్ ఆగలేదు, దూకాడు.

అవతలి నుంచి సాలిహాని మేకపిల్లతో సహా నా మీదికి విసిరాడు. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. తర్వాత అమ్మని రెండు చేతుల మీద ఎత్తుకుని, చీలిక ఇరుకుగా ఉన్నచోటు వెతుక్కుంటూ అంచు వెంట పరిగెత్తి, దూకి, ఇటు పడ్డాడు. అమ్మ దొర్లి బయటపడింది. అతని కాళ్ల కింద అంచు విరిగింది. ఎడమకాలు రెండు బండల మధ్య పడింది. నేనూ అమ్మా చెరో చెయ్యి పట్టుకుని లాగాం. అతను అరవలేదు, మీ అబ్బాయి సంగతి మీకు తెలుసు. లాగవే, నన్నేమన్నా కొత్తగా పెళ్లాడబోతున్నావా మొహమాటపడటానికి అన్నాడు. లాగాం. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

ఉత్తరాన, కొండ మొదట్లో, బూడిద నిలువుగా లేచింది. పది నిమిషాల్లో పట్టపగలు సూర్యుడు కనపడలేదు. అమ్మ తన ముసుగు చించి కాలికి కట్టింది. అతని బరువు మాకిద్దరికీ మోయలేనిది. అప్పుడు ఆ బూడిదలోంచి ఒంటె గొంతు వినిపించింది. ఇద్రిస్, డెబ్బై ఏళ్ల మనిషి, ఒంటెని కొట్టుకుంటూ మా కోసం దిబ్బ దిగి వచ్చాడు. హుమెద్‌ని, సాలిహాని దాని మీద ఎక్కించి నా వైపు తిరిగి, నువ్వు పారిపోవడంలో ఆరితేరావుగా, ఇప్పుడు చూపించు అన్నాడు.

ఆ సాయంత్రానికి నూట ముప్పై ఒకటీ దిబ్బ మీద ఉన్నాయి. నలభై మూడు మేకలు, రెండు ఒంటెలు పోయాయి. బావి లేదు. ఆ చీలిక ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడవాలంటే రోజున్నర పడుతుంది. కొన్నిచోట్ల ఆరు మూరల వెడల్పు. వందల ఏళ్లలో జరగవలసిన ఎడం ఒక్క వారంలో జరిగిపోయింది. హుమెద్ ఈ ఊరి ఆసుపత్రిలోనే ఉన్నాడు. మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. నడుస్తాడు, కుంటు మాత్రం పోదంటున్నారు.

వచ్చే గురువారం ఇక్కడ సభ పెట్టి నాకు సన్మానం చేస్తారట. ఒక మందిని కాపాడిన చదువు అని పెద్ద అక్షరాలతో గుడ్డ కూడా రాయించారు. మీరు మాత్రం హుమెద్ మీద కఠినంగా ఉండొద్దని వేడుకుంటున్నాను. తొందరపడితే పడ్డాడు, తన కాలిచ్చి ఇద్దరిని తెచ్చాడు.

మీ కంటికి ఎండ తగలనివ్వకండి.

మీ మేనకోడలు
హస్నా

తా.క. మదీనా వదినా, ఇక్కడ ఆపొద్దు. ఇది కూడా చదువు, ఒక్క మాట వదలకుండా చదువు.

మామా, సంతకం పెట్టి, ఉత్తరం మడిచి, మళ్లీ విప్పాను. పైన గురువారం గురించి రాసింది తిరగేసి రాశాను. తెల్ల దిబ్బ అన్నది హుమెద్. మైదానం అన్నది నేను.

గట్టు మీంచి బండలు పడుతున్నాయి, పిల్లల్ని దాని కిందికి ఎలా తోలుకెళ్తాం అని అరిచింది నేనే. కరిగిన రాయి గట్టు కింద ఉంది, మైదానమే క్షేమం, నా పెట్టెలు అబద్ధం చెప్పవు అన్నాను. హుమెద్ నెమ్మదిగా, హస్నా, బావి నీళ్లు వెచ్చబడ్డాయి, నిన్న చెయ్యి పెట్టి చూశాను, మేకలు మూతి పెట్టడం లేదు, మైదానం మధ్యలో దుమ్ము జల్లెడలో దిగినట్టు ఒక గీతలో దిగిపోతోంది, రా చూపిస్తాను అన్నాడు. నేను వెళ్లలేదు. నీకు చదవడం రాదు, నాకొచ్చు అన్నాను. అందరి ముందు అన్నాను. అతను, రాదు, అయినా మందిని దిబ్బ మీదికే తీసుకెళ్తాను, బండ పడి ఎవరన్నా పోతే నన్ను అడగండి అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మని పక్కకి పిలిచి, నువ్వైనా నన్ను నమ్ము, పొద్దున్నే మైదానానికి వెళ్లిపో, నువ్వు వెళితే వాళ్లూ వెనక వస్తారు అన్నాను. అమ్మ నా మొహం చూసి సరే అంది. పదేళ్లలో అమ్మ మొదటిసారి నా మాట వింది. విని, సాలిహాని కూడా తీసుకెళ్లింది.

పొద్దున ఆమె వెనక ఎవరూ వెళ్లలేదు, నేనూ మందితోనే దిబ్బ ఎక్కాను. తప్పు ఎక్కడ జరిగిందో సెమెరా వచ్చి లెక్కలు మళ్లీ చేస్తే దొరికింది. బుధవారం బ్యాటరీ మార్చినప్పుడు ఆ పెట్టెలోని గడియారం ఆగిపోయింది. నా చేతి గడియారం చూసి తిప్పి పెట్టాను, తొందరలో సరిచూడలేదు. రెండు సెకన్లు ముందుంది. ఆ రెండు సెకన్లకి మైదానం కింద పుట్టిన ప్రతి అదురూ నాకు గట్టు కింద కనిపించింది.

మూడోరోజు ప్రభుత్వ అధికారి వచ్చి, దిబ్బ ఎక్కమని ఎవరు చెప్పారని అడిగితే హుమెద్ చాప మీద పడుకునే, ఈ అమ్మాయి యంత్రం చెప్పింది సార్, నేనే వద్దని మొండికేశాను అన్నాడు. నేను నోరు తెరవబోతే నా మణికట్టు పట్టుకుని నొక్కాడు. మంది ఎవరూ కాదనలేదు, ఇద్రిస్ కూడా. అధికారి వెళ్లాక ఎందుకిలా చేశావు అన్నాను. కాలు పోయింది, మేకలు పోయాయి, సరే. చదివిన ఆడదాని మాట విని మోమిన చావబోయిందని పేరు పడితే వచ్చే ఏడు నా సాలిహాని బడికి పంపనిస్తారా? మొదట అడ్డం పడేది మా నాన్నే. దానికి నీలాగే రాళ్ల పిచ్చి. నా పేరు పాడైతే నాకేం, మేకలు నన్ను పేరు అడగవు అన్నాడు.

నేను ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నాకు హాయిగా ఉండింది మామా, అది కూడా రాయాలి. పదేళ్ల తర్వాత ఆడవాళ్లు నా చేతులు ముద్దు పెట్టుకున్నారు. ఒప్పుకోబుద్ధి కాలేదు. మీరు అతని పెద్దరికం తీసేస్తారని వదిన చెప్పేదాకా అలాగే ఉన్నాను. వదిన చెప్పాక కూడా ఇంకో రెండు రోజులు ఉన్నాను. ఇవాళ పైన అంత ఉత్తరం కూడా అలాగే రాశాను.

గురువారం సభలో లేచి గడియారం సంగతి చెబుతాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. కానీ ఇది చెప్పకపోతే రేపు ఇంకో కొండ కింద ఇంకొకరు ఇలాగే తిప్పి పెట్టి, ఇలాగే నమ్మిస్తారు. హుమెద్‌కి ఈ మాట మధ్యాహ్నం చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సాలిహా చదువు మాట మీరూ నేనూ తర్వాత పోట్లాడుకుందాం. దానికి నేను సిద్ధంగా ఉన్నాను.

కోపం వస్తే నా మీద రానివ్వండి, అది నాదే. అతనికి మాత్రం ఆలస్యం చేయకుండా ఒక కబురు పంపండి. జిబూతి లారీలు వచ్చినప్పుడల్లా, మా నాన్న ఏమన్నా చెప్పి పంపాడా అని ఆసుపత్రిలో అందర్నీ అడుగుతున్నాడు.